మేం తీసిన బరువు, వాళ్లెక్కించిన ఇనుము

నాకు ఉద్యోగం వచ్చిందని చిత్తూరులో మా ఇంట్లో చెప్పిన రోజు మా నాయన అన్న మాట ఇది: "ఆటోలు గీసేదానికి ఇంజనీరింగు సదవాలనా మేయ్? బడిపిల్లోళ్లు గూడా గీస్తారు గదా!"

ఎగతాళికే అన్నాడు కానీ, రిటైరై కూర్చున్నాక ఆలోచిస్తే అందులో సగం నిజముంది. మూడు చక్రాల బండిని ఎవరైనా గీయవచ్చు. కాగితం మీద దానికి బరువుండదు, అది పెట్రోలు తాగదు, మలుపులో పడిపోదు. ఆ ముచ్చట్లన్నీ రోడ్డెక్కాకే మొదలవుతాయి.

నేను నాయుడుపేట దగ్గర ఒక చిన్న వాహనాల కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. నా సర్వీసంతా మూడు చక్రాల మీదే నడిచింది, నాలుగో చక్రం ముఖం చూడలేదు. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరికి రాలేదు అనే సంగతులు ఇక్కడ రాయను. వాటి గురించి మాట్లాడుకోవడానికి క్యాంటీనుంది. ఇది ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం. ముఖ్యంగా కంప్యూటరు తెర మీద బండిని బొంగరంలా తిప్పి చూపించి "అయిపోయింది మేడం" అనేవాళ్ల కోసం. నాయనా, అప్పటికి ఇంకా ఏమీ కాలేదు. ఎందుకో ఒక్క బండి కథలో చెబుతాను.

తక్కెడ పక్కన కుర్చీ

మా డిజైన్ విభాగం పెద్ద ఎతిరాజులు గారు. సన్నగా, పొడుగ్గా, కొలిచే స్కేలులాగే ఉండేవాడు. అందరు బాసులకూ కుర్చీ ముందు బల్ల ఉంటుంది. ఈయన కుర్చీ పక్కన తక్కెడ ఉండేది. మనం ఏ ముక్క గీసినా, ఆ ముక్క తయారై వచ్చాక దాన్ని చేతిలోకి తీసుకుని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చూసేవాడు. తర్వాత తక్కెడలో వేసేవాడు. ఆ తర్వాత మన వంక చూసేవాడు. ఆ చూపు తలుచుకుని రాత్రి నిద్ర పట్టని వాళ్లు మా ఆఫీసులో చాలామంది.

నేను చేరిన కొత్తలో ఒక చిన్న ఇనప బద్దె తెచ్చి చూపించాను.

"ఇదేం పని సేస్తాదమ్మా ఈడ?" అన్నాడు.

"సపోర్టు సార్."

"దేనికి సపోర్టు?"

"పక్కనున్న బద్దెకి సార్."

"ఆ పక్కదేం సేస్తాది?"

"దీనికి సపోర్టు సార్."

"అంటే ఇద్దురూ ఒకర్నొకరు పట్టుకోని ఊరికే నిలబడుండారు. ఇద్దుర్నీ ఇంటికి పంపించు."

పంపించేశాను. ఏమీ కాలేదు. బండి మునుపటిలాగే నిలబడింది. తేలికైన బండి చేయడమంటే ఇదే. ఏదో గొప్ప లోహం కనిపెట్టడం కాదు. ఒక్కో ముక్కనూ నిలబెట్టి "నువ్వేం పని చేస్తున్నావు?" అని అడగడం. ఆటో రోజంతా ఆగుతూ, కదులుతూ పోయే బండి. ఆగిన ప్రతిసారీ దాని ఒంటి బరువును మళ్లీ మొదటినుంచి కదిలించాలి. పెట్రోలు ఖర్చయ్యేది అక్కడే. అందుకే బండి బరువు తగ్గితే డ్రైవరుకు మిగులుతుంది. దీనికి పెద్ద పెద్ద పుస్తకాలు చదవనక్కరలేదు. ఖాళీ సైకిలు తొక్కినవాడికీ, వెనక బియ్యం బస్తా పెట్టుకుని తొక్కినవాడికీ తెలిసిందే.

ముక్కు పైకెత్తిన బండి

మా కంపెనీ యజమాని మునిరత్నం గారిది కార్వేటినగరం. పంపుసెట్లు తయారుచేసి పైకొచ్చిన మనిషి. మంచి భారీ విగ్రహం, అంతకంటే భారీ గొంతు. ఒక రోజు మమ్మల్ని పిలిచి, తేలికైన, తక్కువ పెట్రోలుతో నడిచే కొత్త ఆటో కావాలన్నాడు. "పిట్ట మాదిరి ఉండాల. పిట్ట తినేంతే తినాల" అని చేత్తో చూపించాడు కూడా.

మేం విజృంభించాం. మందపు రేకు తీసేసి పల్చటి రేకు వేశాం. బరువైన చట్రం తీసేసి గొట్టాలతో కట్టాం. ఎతిరాజులు గారి ముందు నిలబడి సమాధానం చెప్పుకోలేని ముక్కలన్నీ ఇంటిదారి పట్టాయి. మొదటి బండి తయారైంది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు కదా, మేమంతా దాని చుట్టూ చేరి మురిసిపోయాం. మునిరత్నం గారు వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఎంత గట్టిగా ఉందో చూద్దామని వెనక అంచు మీద కాలు మోపాడు.

బండి ముందు చక్రం మెల్లగా నేల వదిలి గాల్లోకి లేచింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఉద్యోగం పోతుందని అందరికీ తెలుసు. ఆయన కాలు తీశాడు, బండి దిగింది. మళ్లీ కాలు పెట్టాడు, మళ్లీ లేచింది. మూడోసారి ఆయనే పెద్దగా నవ్వేశాడు. "ఏమప్పా ఎతిరాజులూ, పిట్ట మాదిరి సెయ్యమంటే నిజంగానే ఎగిరిపోయేట్టు సేసుండావే!" అన్నాడు. అప్పుడు మేం కూడా నవ్వాం. చాలాసేపు నవ్వాం.

జరిగిందేమిటంటే, ఇంజను వెనకే ఉంది. మేం తీసిన బరువులో ఎక్కువ భాగం ముందునుంచే తీశాం. ముందు ఒకే చక్రమున్న బండిలో ఎంత బరువు తీశామన్నది ఎంత ముఖ్యమో, మిగిలిన బరువు ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. బ్యాటరీనీ, సీటు వెనకుండే స్టెప్నీ చక్రాన్నీ తెచ్చి డ్రైవరు సీటు కింద పెట్టాం. ఒక్క రవ్వంత బరువు కూడా పెంచకుండానే ముక్కు నేలకంటింది. సీటు వెనక ఖాళీ అయిన చోటును అందంగా ఉంటుందని ఒక రేకుతో మూసేశాం. ఆ రేకు సంగతి తర్వాత చెబుతాను.

కంపెనీ ఆవరణలో, నున్నటి రోడ్డు మీద మైలేజీ పరీక్షలు చేశాం. బ్రహ్మాండంగా వచ్చింది. ఇంట గెలిచాం. రచ్చ మిగిలింది.

మునిరత్నం గారు అక్కడే ఒక షరతు పెట్టాడు. "మీ కాంపౌండులో ఎంతిచ్చిందో నాకొద్దు. తిరపతి రోడ్ల మీద, డ్రైవర్ల సేతుల్లో అంతే ఇయ్యాల. ఆయుధపూజకి బండ్లు అమ్ముడుపోతాయి. ఆ లోపల తేల్చండి. ఇస్తే ఈ బండి సేస్తాం. ఇయ్యలేదంటే ఉండే పాత బండే సేసుకుంటాం, ఈ నమూనాలన్నీ కోసి తుక్కుకేస్తాం." తుక్కు అన్నప్పుడు ఎతిరాజులు గారి ముఖం చూడాలి. ఆయన రిటైర్మెంటు దగ్గర పడుతోంది. తన చేతిమీదుగా ఒక బండి రోడ్డెక్కడం చూసి పోవాలని ఆయనకు ఎంత ఉండేదో మాకందరికీ తెలుసు.

రెడ్డెమ్మ

నమూనా బండ్లను తిరుపతిలో కొందరు డ్రైవర్లకు నడపడానికి ఇచ్చాం. వాళ్లలో రెడ్డెమ్మ ఒకతె. తిరుపతి బస్టాండు నుంచి చంద్రగిరికి షేర్ ఆటో నడిపేది. అప్పటిదాకా వేరేవాళ్ల బండిని రోజు బాడుగకు తీసుకుని తోలేది. పరీక్ష నెగ్గితే, నమూనా నడిపినవాళ్లకే ఆ బండి సులువు వాయిదాల మీద ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. అందుకే ఆమె ఒప్పుకుంది.

"నా బండి అనేది ఒకటుండాలమ్మా. ఒకరి బండి తోల్తే, ఆయప్ప ఎప్పుడు దిగమంటాడో అని సగం సూపు రోడ్డు మీద, సగం సూపు ఫోను మీద ఉంటాది" అని నాతో అంది. అంటే ఆ మైలేజీ మీద మా కొత్త బండే కాదు, ఆమె సొంత బండి కూడా ఆధారపడి ఉంది.

మామిడికాయల కాలం మొదలయ్యేసరికి మైలేజీ వివరాలు రావడం మొదలైంది. చూస్తే ఘోరం. మేం చెప్పినదానికి దరిదాపుల్లో లేదు. పాత బండికీ దీనికీ పెద్ద తేడాయే లేదు. ఎతిరాజులు గారు కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి, "ఏందమ్మా ఇది? తిరపతిలో పెట్రోలుకి బదులు మజ్జిగ పోస్తుండారా?" అన్నాడు. నువ్వు పోయి చూసిరా అని నన్ను పంపించాడు.

తిరుపతి బస్టాండు బయట ఆటోల వరసలో మా బండి కోసం వెతికాను. కనబడలేదు. రెడ్డెమ్మే చెయ్యి ఊపింది. ఆమె పక్కనున్న బండి మాదని గుర్తు పట్టడానికి నాకు కొంతసేపు పట్టింది.

ముందు వైపు లారీకి పెట్టేంత ఇనప బంపరు. పైన సామాను పెట్టుకోవడానికి ఇనప క్యారియరు. లోపల నేల మీద గళ్లు గళ్ల మందపాటి ఇనప రేకు. పక్కల చేతికి పట్టుకునే కడ్డీలు. వెనక మెరిసే స్టీలు పలకలు. రెండు పెద్ద పాటల పెట్టెలు. డ్రైవరు పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టే చెక్క పలక.

"రెడ్డెమ్మా, ఇది మా బండేనా?"

"మీదేనమ్మా. ఇప్పుడు సూడండి, బండి మాదిరిగా ఉండాది!" అంది గర్వంగా.

అప్పుడు తెలిసింది మా దగ్గరి ఆచారం. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఈ తట్టు కొత్త బండి కొన్నవాడెవడూ దాన్ని నేరుగా పూజకు తీసుకుపోడు. షోరూము నుంచి మొదట ఫిట్టింగుల షాపుకు పోతుంది. అక్కడ బంపరు, క్యారియరు, కడ్డీలు అన్నీ పెట్టించుకున్నాకే గంగమ్మ గుడి ముందుకు పోయి నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించేది. ఎందుకని అడిగితే రెడ్డెమ్మ నా వంక జాలిగా చూసింది. "బోసి మెడతో పెండ్లికూతుర్ని పీటల మీద కూసోబెడతారామ్మా?"

నమూనా బండ్లు తీసుకున్న డ్రైవర్లందరూ మొదటి రోజే మస్తాన్ అనే అతని ఫిట్టింగుల షాపుకు పోయారు. మస్తాన్ మంచి వెల్డరు. చేతికి దొరికిన ఇనుమంతా పెట్టి పంపాడు.

బరువు తూయిద్దామని రెడ్డెమ్మా నేనూ దామలచెరువు దాకా ఆ బండిలోనే పోయాం. అక్కడ మామిడికాయల మండీల దగ్గర లారీలనూ ట్రాక్టర్లనూ తూచే కాటా ఉంది. జ్యూసుకు పోయే బెంగళూర మామిడికాయల లోడుతో ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మా ఖాళీ ఆటో.

"ఏమక్కా, కాయల్లేకుండా ఒట్టి ఆటోని తూకమేస్తుండారే, ఆటోనే జ్యూస్ ఫ్యాక్టరీకి తోల్తారా?" అని ఒక ట్రాక్టరు డ్రైవరు అరిచాడు. వరసలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను కానీ, తూకం చూశాక నవ్వు ఆగిపోయింది. ఎతిరాజులు గారూ మేమూ ఏళ్ల తరబడి, ఒక్కో బద్దెనూ నిలదీసి తీసేసిన బరువుకంటే, మస్తాన్ ఒక పూటలో ఎక్కించిన ఇనుము ఎక్కువ.

స్టిక్కరు తెలివి

ఇలాంటప్పుడు ఆఫీసుల్లో మొదట వచ్చేది కోపం, రెండోది స్టిక్కరు. మేం కూడా అంతే. "అదనపు ఫిట్టింగులు నిషేధం. పెడితే గ్యారంటీ వర్తించదు" అని ఎర్ర అక్షరాలతో స్టిక్కర్లు వేయించి, అన్ని నమూనాలకూ అంటించాం. తర్వాతి వారం పోయి చూస్తే ఒక్క బండి మీదా స్టిక్కరు కనబడలేదు. చింపేశారేమో అనుకున్నాను. చింపలేదు. వాటి మీద మస్తాన్ అందమైన స్టీలు పలకలు బిగించాడు.

"ఎండకి అక్షరాలు ఎలిసిపోతాయనమ్మా" అన్నాడు. ఆ ముఖంలో రవ్వంత నవ్వు కూడా లేదు. ఇప్పటికీ అది వినయమో వెటకారమో నాకు తెలియదు.

పిల్లలూ, ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను. జనం మీరు చేసిన వస్తువును మీరు చెప్పినట్టు వాడకపోతే, వాళ్లకు బుద్ధి లేదని తీర్మానించడం చాలా సుఖం. ఆ సుఖంలో పడిపోయిన ఇంజనీర్లను చాలామందిని చూశాను. వాళ్ల బండ్లు ప్రదర్శనల్లో ఉంటాయి, రోడ్ల మీద ఉండవు.

నేను రెడ్డెమ్మను అడిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె బండి వెనక సీట్లో కూర్చున్నాను. ఊరికే చూడడానికి.

బస్టాండు వరసలో వెనక బండి ముందు బండిని ముక్కుతో తోస్తుంది. హారను కొట్టినట్టే అది. అందుకని బంపరు. దర్శనానికి వచ్చినవాళ్లు ఇంటిల్లిపాదీ సంచులతో దిగుతారు. ఆ సంచులు ఒళ్లో పెట్టుకుంటే ముగ్గురు కూర్చునే చోట ఇద్దరే పడతారు. అందుకని క్యారియరు. పాల క్యాన్లు, ఇత్తడి బిందెలు దబ్బున కింద పెడతారు. మా పల్చటి నేల సొట్టలు పోతుంది. అందుకని మందపు రేకు. ముసలమ్మలు పట్టుకుని ఎక్కడానికి కడ్డీలు.

అన్నిటికంటే చిత్రం ఇంకొకటి. షేర్ ఆటోలో దిగాలంటే ఎవరూ నోటితో చెప్పరు. పక్క రేకు మీద అరచేత్తో దబదబా కొడతారు. మా పల్చటి రేకు ఆ దెబ్బలకు అక్కడ పళ్లెంలా లోపలికి వంగిపోయింది. పైగా డబ్బా మోగినట్టు మోగింది. మధ్యాహ్నం ఒక ముసలాయన ఎక్కబోతూ రేకు మీద కొట్టి చూసి, "ఏం పాపా, ఇది బండా, నూనె డబ్బానా?" అని పోయి వెనక బండెక్కాడు.

"సూస్తిరా?" అంది రెడ్డెమ్మ. "తేలిగ్గా ఉండాదని మీరు సంతోషపడతారు. తేలిగ్గా ఉండాదని వాళ్లు ఎక్కరు."

అలాగని ఆమె చెప్పినవన్నీ నేను ఒప్పుకోలేదు. మలుపు తిరిగినప్పుడల్లా పైనున్న క్యారియరు బరువుకు బండి ఊగుతోంది. ఆ సంగతి ఆమెకు అలవాటైపోయి తెలియడం లేదు. సాయంత్రానికి భుజం పట్టుకుని "నొప్పి, వయసైపోతా ఉండాది" అంది. వయసు కాదు రెడ్డెమ్మా, ముందు చక్రం మీద ఆ లారీ బంపరు మోస్తున్నావు కాబట్టి హ్యాండిలు తిప్పడం బరువైందని చెప్పాను. నమ్మలేదు. మస్తాన్ దగ్గరికి పోయి బంపరు విప్పించి, అదే దారిలో ఒక చుట్టు నడపమన్నాను. తిరిగొచ్చి భుజం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నిజమేనమ్మా. కానీ బంపరు లేకుండా లైన్లో ఎట్ల నిలబడేది?" అంది. ఆమె ప్రశ్నా నిజమే.

డ్రైవరు పక్కనున్న చెక్క పలక దగ్గర మాత్రం ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. అక్కడ మనిషి కూర్చుంటే హ్యాండిలు మోకాలికి తగులుతుంది. ఏదో ఒక రోజు ప్రాణం మీదికొస్తుంది. "అందురూ కూసోబెట్టుకుంటుండారు గదా" అంది. "అందరూ చేసినా తప్పు తప్పే" అన్నాను. ఆ పూట ఎవరమూ నెగ్గలేదు.

ఒక కడ్డీకి రెండు పనులు

నేను చూసినవన్నీ చెప్పాక ఎతిరాజులు గారు చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. ఆయన కోప్పడితే ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఆలోచిస్తే ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

"ఇంతకాలం ఒక్కో ముక్కని నీకు పనుండాదా అనడిగినాం. మంచిదే. ఇంగ నుంచి పనుండేదాన్ని ఇంకో పని గూడా సేస్తావా అనడగదాం" అన్నాడు.

మా కొత్త పాఠం అక్కడ మొదలైంది. పైకప్పును మోసే గొట్టాలు ఎలాగూ ఉన్నాయి. వాటిని కాస్త బయటికి వంచి, చేతికి అందే ఎత్తులో పట్టు వచ్చేట్టు చేశాం. ముసలమ్మకు కడ్డీ దొరికింది. ముందు చట్రం గొట్టాన్ని మడ్‌గార్డు చుట్టూ తిప్పి తెచ్చాం. అదే బంపరు. నేల రేకును మందం చేయకుండా, దానిలో పొడుగునా గాడులు నొక్కించాం. ముడతలు పెట్టిన అట్ట గట్టిగా నిలబడుతుంది చూడండి, అలాగ. పక్క రేకును కొంచెం బయటికి ఉబ్బించి, లోపలి వైపు రబ్బరు బిళ్లలు అంటించాం. ఇప్పుడు కొడితే డబ్బా మోత కాదు, తలుపు తట్టినట్టు గంభీరంగా 'ధబ్' అంటుంది. ఆ శబ్దం సరిగ్గా కుదిరేదాకా మా విభాగమంతా నిలబడి రేకు మీద కొడుతుంటే, పక్క విభాగం వాళ్లు భజన మొదలుపెట్టామనుకున్నారు.

సీటు వెనక అందం కోసం ఒక చోటును రేకుతో మూసేశామని చెప్పాను కదా. ఆ రేకు తీసేశాం. సంచులు పెట్టుకోవడానికి పెద్ద అర వచ్చింది. బరువు నెత్తి మీద కాకుండా అడుగున కూర్చుంది. ఒక ముక్క తీసేయడం వల్ల జనానికి కూడా మేలు జరిగిన మార్పు అదొక్కటే.

చెక్క పలక దగ్గర మాత్రం నేను మొండితనం చేశాను. హ్యాండ్ బ్రేకు కడ్డీని తెచ్చి సరిగ్గా ఆ పలక పెట్టే చోటే బిగించాం. మస్తాన్ ఎంత గొప్ప వెల్డరైనా దాని మీద మనిషిని కూర్చోబెట్టలేడు. జనం కోరినవన్నీ ఇవ్వడం కూడా డిజైను కాదు. ఏది ఇవ్వకూడదో మీకు తెలియాలి. దానికి తిట్లు పడితే పడాలి.

మళ్లీ మస్తాన్ షాపు

కొత్తగా కట్టిన నమూనాను ఎతిరాజులు గారూ నేనూ తిరుపతికి తెచ్చి రెడ్డెమ్మకు ఇచ్చేటప్పటికి బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాయి. ఆయుధపూజ ఆ వెంటనే. ఇక రెండో అవకాశం లేదు. బ్రహ్మోత్సవాల రద్దీలోనే మైలేజీ పరీక్ష చేస్తామని మునిరత్నం గారు చెప్పాడు.

రెడ్డెమ్మ బండి చుట్టూ తిరిగింది. పక్క రేకు మీద కొట్టింది. లోపలికెక్కి నేల మీద మడమతో తొక్కి చూసింది. హ్యాండ్ బ్రేకు ఎక్కడుందో చూసి నా వంక ఒక చూపు చూసింది. తాళం తీసుకుని, "వొస్తానమ్మా, మస్తాన్ షాపుకాడికి" అంది.

"రెడ్డెమ్మా, ఏమీ పెట్టించొద్దు" అని నోటిదాకా వచ్చింది. ఎతిరాజులు గారు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "సెప్పగూడదమ్మా. మనం సెప్పినందుకు పెట్టకపోతే, రేపు కొనుక్కునే వాళ్లందరికీ ఎవురు సెప్తారు?"

ఆయన మాట నిజమే కానీ, ఆ మధ్యాహ్నం మా ఇద్దరికీ అన్నం దిగలేదు. టీ కొట్టు ముందు కూర్చుని రోడ్డు వంకే చూశాం.

చాలాసేపటికి బండి వచ్చింది. బంపరు లేదు. క్యారియరు లేదు. స్టీలు పలకలు, పాటల పెట్టెలు ఏమీ లేవు. వెనకే మస్తాన్ మోటారు సైకిలు మీద వచ్చి నా ముందు ఆగాడు.

"ఏమ్మా, నా పొట్ట కొట్టినారే! బండి సుట్టూరా తిరిగి తిరిగి సూసినా. ఈడేం పెట్టేది? పెట్టేదానికి యాడా సందు మిగల్సలేదే మీరు!" అన్నాడు.

నా సర్వీసులో నాకు అవార్డులేవీ రాలేదు. రాకపోయినా బాధ లేదు. ఆ తిట్టు చాలు.

"మరి ఇంతసేపు ఏం చేసినావు రెడ్డెమ్మా?" అన్నాను.

ఆమె నన్ను బండి ముందుకు తీసుకుపోయింది. అద్దం కింద, పచ్చి ఆరని పసుపు రంగుతో, పెద్ద అక్షరాలతో రాసి ఉంది: రెడ్డెమ్మ.

"ఇది బరువు గాదు గదమ్మా?" అంది.

"బరువు కాదులే. కానీ బండి ఇంకా కంపెనీదే. పరీక్షే కాలేదు. నెగ్గకపోతే?"

"నెగ్గుతాది లేమ్మా. మీరిద్దురూ అన్నం తినండి ముందర."

బ్రహ్మోత్సవాల్లో తిరుపతి రోడ్ల సంగతి చెప్పాలా? ఆ జనంలో, ఆ ఎండలో, ఆగుతూ కదులుతూ ఆమె పొద్దంతా తోలింది. పొద్దున ట్యాంకు నిండుగా పోయించాం. సాయంత్రం అదే బంకుకు వచ్చి మళ్లీ నిండుగా పోయించాలి. ఎంత పడితే అంత తాగినట్టు. చివరి చుట్టుకు మునిరత్నం గారే స్వయంగా ఎక్కాడు. చంద్రగిరి నుంచి సంచులతో, జనంతో కిక్కిరిసిన బండిలో, ఒళ్లో ఎవరిదో పూలబుట్ట పెట్టుకుని వచ్చి దిగాడు. బండి ముక్కు నేల వదల్లేదు.

బంకులో పెట్రోలు పోస్తుంటే ముగ్గురం మీటరునే చూస్తూ నిలబడ్డాం. రెడ్డెమ్మ మాత్రం చూడలేదు. బండికి ఆనుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ఉంది. ఎంత ధీమాగా మాట్లాడినా ఆమెకూ భయముందని అప్పుడే నాకు తెలిసింది. ట్యాంకు నిండి మీటరు ఆగింది. ఎతిరాజులు గారు లెక్క వేశాడు. మళ్లీ వేశాడు. మేం చెప్పినదానికంటే రవ్వంత ఎక్కువే ఇచ్చింది బండి.

మునిరత్నం గారు ఎతిరాజులు గారి భుజం మీద గట్టిగా ఒకటి వేశాడు. ఎతిరాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచింది కళ్లజోడు ఒక్కటే కాదు.

"అయితే సార్, నమూనాలు నడిపినవాళ్లందరిలో ఈ కొత్త బండి ముందుగా ఎవరికి ఇచ్చేది ఆఫీసులో మీటింగు పెట్టి..." అని నేను మొదలుపెట్టాను. కంపెనీ పద్ధతి అది.

మునిరత్నం గారు బండి ముందు నిలబడి ఆ పసుపు అక్షరాలు చదివాడు. "దీనికి మీటింగెందుకమ్మా? మొగం మీదనే రాసుండాది గదా" అన్నాడు.

రెడ్డెమ్మ కళ్లు తెరిచింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె గబగబా డ్రైవరు సీట్లోకి ఎక్కి బండి స్టార్ట్ చేసింది.

"అయితే జరగండి సామీ. బస్టాండుకాడ జనం కాసుకోనుండారు."

మేం జరిగాం. ఇద్దరు పెద్దమనుషులనూ నన్నూ బంకులో వదిలేసి ఆమె బండి రోడ్డెక్కి, జనంలో కలిసిపోయింది. మాకు ఇంకో ఆటో దొరకలేదు. ముగ్గురం ఆ రద్దీలో ఒకరి వెనక ఒకరం, నవ్వుకుంటూ, రైల్వే స్టేషను దాకా నడిచాం.